జోషాందా, అడ్డసరం, తీపి మాత్రలు: దగ్గుకు ఏది ఎంతవరకు

విశాఖలో చలిగాలి మొదలైతే చాలు, వన్‌టౌన్ కోటవీధి నుంచి గాజువాక దాకా చాలా ఇళ్లలో పొయ్యి మీద ఒక చిన్న గిన్నె విడిగా మరుగుతూ ఉంటుంది. ఒక ఇంట్లో జోషాందా, పక్కింట్లో అల్లం మిరియాల కషాయం. మరో ఇంట్లో అలమారాలోంచి హోమియో డబ్బా బయటికొస్తుంది. ఇవేవీ కుదరనివాళ్లు మందుల షాపుకెళ్లి 'దగ్గుకి ఏదైనా ఇవ్వండి' అని అడిగి మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు తెచ్చుకుంటారు. వారం, పది రోజుల్లో దాదాపు అందరికీ తగ్గిపోతుంది. తగ్గించింది తమ మందేనని ఎవరికి వాళ్లు గట్టిగా నమ్ముతారు.

చిక్కంతా ఆ నమ్మకం దగ్గరే. రొంప, పడిశం, గొంతు నొప్పి, మామూలు బ్రాంకైటిస్ చాలామటుకు వైరస్‌ల వల్ల వచ్చేవి. మందు వేసినా వేయకపోయినా తగ్గేవే. ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు వారంలో సర్దుకుంటాయి, దగ్గు మాత్రం అంత తొందరగా వదలదు. 2013లో అమెరికా పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క వేస్తే ఇలాంటి దగ్గు సగటున 18 రోజులు ఉంటుందని తేలింది. అదే జనాన్ని అడిగితే వారం, మహా అయితే తొమ్మిది రోజులు అన్నారు. ఈ తేడా వల్లే ఎనిమిదో రోజుకల్లా ఇంట్లో కంగారు మొదలవుతుంది, మందు మారుతుంది. పన్నెండో రోజున మార్చిన మందుకి పధ్నాలుగో రోజున పేరొస్తుంది.

కాబట్టి కషాయం గురించైనా, హోమియో గురించైనా అడగాల్సిన ప్రశ్నలు రెండే. తగ్గేదాకా ఆగే ఆ రెండు మూడు వారాల్లో బాధ తగ్గిస్తుందా? ఆగకూడని జబ్బులో కూడా మనిషిని ఇంట్లోనే కూర్చోబెడుతుందా?

విశాఖ దగ్గులో ఉన్న మెలిక

ఈ ఊళ్లో రెండో ప్రశ్నకి బరువెక్కువ. 1933లో ఓడరేవు తెరిచాక ఇనుప ఖనిజం, బొగ్గు, ఎరువులు ఈ ఊరి మీదుగానే వెళుతున్నాయి. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం, రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ అన్నీ ఒకే వైపున ఉన్నాయి. చుట్టూ కొండలు, ఒక పక్క సముద్రం. ఊరి నడుమ భాగం గిన్నెలా ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున గాలి కదలక పొగ, దుమ్ము ఆ గిన్నెలోనే నిలుస్తాయి. జ్ఞానాపురం, మల్కాపురం, వన్‌టౌన్ వైపు ఆరేసిన బట్టల మీద, వాకిట్లో నల్లటి పొడి కనిపించడం అక్కడివాళ్లకి కొత్త కాదు. కేంద్రం 2019లో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విశాఖ కూడా ఉంది.

దీనివల్ల ఇక్కడ దగ్గు వచ్చినప్పుడు అది వైరసా, దుమ్మా, ఉబ్బసమా, క్షయా అన్నది పైకి చూస్తే తెలియదు. బొగ్గు యార్డులోనో, ఫౌండ్రీలోనో, రాళ్ల క్రషర్‌లోనో పనిచేసే మనిషి మూడు నెలలుగా దగ్గుతున్నా 'మా పనిలో ఇది మామూలే' అనేస్తాడు. ఇంట్లోవాళ్లు జోషాందా కాచి ఇస్తారు. గొంతు కాస్త హాయిగా ఉంటుంది, మళ్లీ డ్యూటీకి వెళతాడు. ఇసుక, రాతి పొడిలో ఉండే సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకున్నవాళ్లకి క్షయ రావడానికి అవకాశం మామూలు వాళ్లకన్నా ఎంతో ఎక్కువ. అలాంటి ఇంట్లో కషాయం చేసే నష్టం దానిలోని మూలికల వల్ల రాదు. అది పోగొట్టే నెలల వల్ల వస్తుంది.

జోషాందాలో ఏముంది

ఫారసీలో 'జోషీదన్' అంటే మరగడం. మరిగించినది జోషాందా. యునానీ అన్న పేరు యునాన్, అంటే గ్రీకు దేశం నుంచి వచ్చింది. అరబ్బు, ఇరాన్ హకీములు దాన్ని పెంచారు, ఇబ్నె సీనా గ్రంథం శతాబ్దాలపాటు పాఠ్యపుస్తకంగా నడిచింది. ఈ వైద్యం లెక్కలో జుకామ్, నజ్లా అంటే బల్గమ్ దారి తప్పడం. ఆయుర్వేదం కఫం అనేదానికి ఇది దగ్గరి చుట్టం.

పాత నుస్ఖా ప్రకారం ఉన్నాబ్ ఐదు, సపిస్తాన్ తొమ్మిది అని గింజ లెక్కపెట్టి వేస్తారు. ఉన్నాబ్ ఎండబెట్టిన రేగు జాతి పండు. సపిస్తాన్ పల్లెల్లో పిల్లలు జిగురు కోసం కోసే విరిగి కాయ, నక్కెర కాయల జాతిది. వీటికి ఖత్మీ, ఖుబ్బాజీ గింజలు, గులె బనఫ్షా, గావ్‌జబాన్ ఆకు, ములేఠీ అనే అతిమధురం తోడవుతాయి. పొడి దగ్గు ఉంటే బేహీదానా నానబెట్టి ఆ జిగురు విడిగా ఇస్తారు. కఫం గట్టిగా ఉంటే జూఫా కలుపుతారు.

ఈ జాబితాని కాస్త నిదానంగా చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. ఖత్మీ, ఖుబ్బాజీ రెండూ బెండకాయ కుటుంబం మొక్కలు. సపిస్తాన్, బేహీదానా కూడా జిగురే. ఈ జిగురు గొంతు లోపలి పొర మీద పూతలా పరుచుకుని గరగర, మంట తగ్గిస్తుంది. అతిమధురం తియ్యదనంతో నోట్లో నీరూరిస్తుంది. వేడి నీళ్లు కఫాన్ని పలచన చేస్తాయి. అంటే జోషాందా బాధ తగ్గించే పని నిజంగానే చేయగలదు. వైరస్‌ని చంపుతుందనడానికి మాత్రం నమ్మదగ్గ ఆధారం లేదు. పాకెట్లలో వచ్చే తక్షణ జోషాందాలో చక్కెర ఎక్కువ, మూలికల సారం తక్కువ. షర్బతె జూఫా, లవూఖె సపిస్తాన్ లాంటివైతే చక్కెర పాకంలోనే తయారవుతాయి. షుగర్ ఉన్న పెద్దవాళ్లకి రోజుకి మూడుసార్లు అవి ఇవ్వడమంటే మూడు మిఠాయిలు తినిపించినట్టే.

అతిమధురం గురించి ఒక జాగ్రత్త చాలామందికి తెలియదు. అందులోని గ్లైసిరైజిన్ ఒంట్లో ఉప్పు, నీరు నిలిచేలా చేస్తుంది, పొటాషియం తగ్గిస్తుంది, రక్తపోటు పెంచుతుంది. బీపీ మాత్రలు, గుండె మాత్రలు, మూత్రం వచ్చే మాత్రలు వాడేవాళ్లు నాలుగైదు రోజులకి మించి అతిమధురం కలిసిన జోషాందా తాగకపోవడం మంచిది. గర్భిణులు దూరంగా ఉండాలి.

అడ్డసరం, పిప్పళ్లు, తేనె

ఇంటి వైద్యం నుంచి ఆసుపత్రి దాకా నడిచి వెళ్లిన మొక్క ఏదైనా ఉందంటే అది అడ్డసరం. ఉర్దూలో అడూసా. పొలం గట్ల మీద, కంచెల్లో తెల్ల పూలతో పెరుగుతుంది, పశువులు ముట్టవు. దాని ఆకులోని వాసిసిన్ అనే పదార్థం ఆధారంగానే శాస్త్రవేత్తలు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు, దాన్నుంచి ఆంబ్రాక్సాల్ వచ్చింది. కఫం పలచన చేయడానికి డాక్టర్లు రాసే సిరప్‌ల మీద ఈ రెండు పేర్లు కనిపిస్తాయి. అలాగని ఆకు రసం తాగితే సిరప్‌తో సమానమని కాదు. ఏ ఆకులో ఎంత మందు ఉందో ఇంట్లో ఎవరూ కొలవలేరు. వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి గర్భిణులకి అడ్డసరం ఏ రూపంలోనూ ఇవ్వకూడదు.

పిప్పళ్లు, మిరియాలు విశాఖ వాళ్లకి పొరుగింటి సరుకులే. పాడేరు, చింతపల్లి వైపు మన్యంలో పిప్పలి మోడి పండుతుంది, కాఫీ తోటల్లో నీడ చెట్లకి మిరియం తీగ పాకుతుంది. ఈ ఘాటుకి కారణమైన పిపరిన్ ముక్కు కారేలా చేసి దిబ్బడ విడిచినట్టు అనిపిస్తుంది. దానికి ఇంకో గుణం కూడా ఉంది. కొన్ని మందులు రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తుంది. ఆ గుణాన్ని వాడుకునే జమ్మూలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ క్షయ మందు రిఫాంపిసిన్‌కి పిపరిన్ జోడించి ఒక బిళ్ల రూపొందించింది. వంటలో వేసే మిరియానికి భయపడక్కర్లేదు. రోజూ మందు బిళ్లలు మింగేవాళ్లు చెంచాల కొద్దీ త్రికటు చూర్ణం తినే ముందు మాత్రం డాక్టర్‌కి ఒక మాట చెప్పాలి.

వీటన్నిటిలో పరీక్షకి నిలబడినది తేనె. 2007లో అమెరికాలో రాత్రి దగ్గుతో నిద్రపోని పిల్లలకి పడుకునే ముందు ఒక డోసు తేనె ఇచ్చి చూశారు. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకి అర చెంచా, ఆ పై పదకొండేళ్ల దాకా ఒక చెంచా. ఏమీ ఇవ్వని పిల్లలకన్నా వాళ్లు బాగా నిద్రపోయారు. తర్వాత మరికొన్ని అధ్యయనాలూ ఇదే చెప్పాయి. బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు మామూలు దగ్గుకి ముందుగా తేనె వాడి చూడమనే అంటాయి. షహద్ మీద ఇళ్లలో ఉన్న గౌరవానికి ఇక్కడ వైద్యం కూడా తోడు నిలుస్తుంది. కానీ ఏడాది నిండని బిడ్డకి తేనె నాలుక మీద రాయడం కూడా ప్రమాదమే. తేనెలో ఉండగల బాట్యులిజం బీజాలు ఆ వయసు పేగుల్లో మొలకెత్తి కండరాలని పట్టు తప్పేలా చేస్తాయి, ఊపిరి ఆగే దాకా వెళ్లవచ్చు. పుట్టిన బిడ్డ నోట్లో తేనె పెట్టే అలవాటు ఉన్న ఇళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. తహ్నీక్ చేయాలనుకునేవారు ఖర్జూరంతోనే చేయవచ్చు. అదీ చేయి శుభ్రంగా కడుక్కుని, మెత్తటి గుజ్జు చుక్కంతే.

కలోంజీ మీద ఉబ్బసం రోగులతో చిన్న చిన్న పరీక్షలు జరిగాయి. కొన్నిటిలో కాస్త మేలు కనిపించింది. ఇన్‌హేలర్ పక్కన పెట్టేంత మేలు మాత్రం ఎవరూ చూపించలేదు.

తిప్పతీగ సంగతి వేరు. కోవిడ్ రోజుల్లో అది ఇంటింటికీ చేరింది. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడాక కాలేయం దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. మొక్కల మందు కాబట్టి ఏం కాదులే అనే మాట ఆ ఆరుగురి విషయంలో నిలబడలేదు.

నూనెలు, కర్పూరం, లోబాన్ పొగ

1920లో హైదరాబాద్‌లో హకీమ్ మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ తెలుగు నేల మీద ముస్లిం ఇళ్లలో దాదాపు కుటుంబ సభ్యుడు. ఎర్రటి ఆ ద్రవంలో ముఖ్యమైనది యూకలిప్టస్ నూనె. వేడినీళ్లలో నాలుగు చుక్కలు వేసి ఆవిరి పీలిస్తే ముక్కు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. పెద్దవాళ్లకి ఆ హాయి చాలు.

చంటిపిల్లల విషయంలో మాత్రం యూకలిప్టస్ నూనె, కర్పూరం, మెంథాల్ ఏ పేరుతో వచ్చినా ముక్కులో, నోట్లో వేయకూడదు. ముక్కు దగ్గర మెంథాల్ ఘాటుకి పసిబిడ్డ ఊపిరి బిగపట్టవచ్చు. కర్పూరం కొద్దిగా కడుపులోకి వెళ్లినా ఫిట్స్ వస్తాయి. కోవిడ్ రోజుల్లో కర్పూరం, వాము, లవంగం మూట కట్టి పిల్లల మెడలో వేయడం వాట్సాప్‌లో తెగ తిరిగింది. దానివల్ల ఆక్సిజన్ పెరుగుతుందన్నది వట్టి మాట. పిల్లలు అందులోని బిళ్ల తీసి నోట్లో పెట్టుకుంటే జరిగేది మాత్రం వట్టి మాట కాదు.

ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె మీదకి పిల్లల తల వంచి దుప్పటి కప్పడం వల్ల ఒళ్లు కాలిన కేసులు ఎక్కువ. చిన్నపిల్లలకి ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి తుడవడం అంతకన్నా మేలు, ఖర్చూ లేదు.

ఇక లోబాన్. స్నానం చేయించాక బిడ్డకి సాంబ్రాణి పొగ వేయడం హిందూ, ముస్లిం ఇళ్లన్నిటా ఉంది. జలుబు చేస్తే ఇంకాస్త ఎక్కువ వేస్తారు. పొగ ఏదైనా పొగే. బొగ్గుల మీద లోబాన్, దోమల చుట్ట, అగరుబత్తి, బీడీ అన్నీ బిడ్డ గొట్టాల్లోని పొరని రేపుతాయి. ఊరి గాలి ముందే దుమ్ముతో నిండి ఉన్నచోట ఇంట్లో కూడా పొగ పెట్టడం ఏం న్యాయం? ఇల్లు పరిమళించాలంటే బిడ్డని పక్క గదిలో ఉంచి, పొగ పోయాక తీసుకురావచ్చు.

తీపి మాత్రల లెక్క

హోమియోపతిని ఈ నేల బాగానే ఆదరించింది. గుడివాడలో డాక్టర్ గురురాజు పేరు మీద ప్రభుత్వ హోమియో కళాశాల ఉంది. రాజమండ్రి కళాశాలకి నటుడు అల్లు రామలింగయ్య పేరు పెట్టారు. ఆయన స్వయంగా హోమియో మందులిచ్చేవారు. డాక్టర్ చాలాసేపు కూర్చోబెట్టి మాట్లాడటం, ఖర్చు తక్కువ కావడం, పిల్లలు మారాం చేయకుండా చప్పరించడం. జనం అటు వెళ్లడానికి ఈ కారణాలు చాలు.

జర్మన్ వైద్యుడు హానిమన్ 1796లో ప్రతిపాదించిన సూత్రం ఇది: ఏ పదార్థం ఆరోగ్యవంతుడిలో ఒక లక్షణం పుట్టిస్తుందో, అదే పదార్థం అతి తక్కువ మోతాదులో ఆ లక్షణాన్ని తగ్గిస్తుంది. అందుకే కళ్లు, ముక్కు నీళ్లు కార్చే ఉల్లిపాయ నుంచి తీసిన ఆలియం సెపా జలుబుకిస్తారు. పొడి దగ్గుకి బ్రయోనియా, కుక్క అరుపులాంటి దగ్గుకి స్పాంజియా, ఛాతీలో గరగరకి ఆంటిమోనియం టార్ట్. సీసా మీద 30 అని ఉంటే ఒక వంతు మందుని 99 వంతుల ద్రవంలో కలిపి, అందులోంచి ఒక వంతు తీసి మళ్లీ 99 వంతుల్లో కలిపి, అలా ముప్పైసార్లు చేశారని అర్థం. పన్నెండోసారి దాటాక మొదటి పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. ముప్పైకి చేరేసరికి ఒక చుక్క మందుకి భూగోళమంత నీళ్లున్నా చాలవు.

మందు లేకపోయినా పనిచేస్తుందా అన్నది పరీక్షించి చూడాల్సిన విషయం, చూశారు కూడా. పిల్లల శ్వాసకోశ ఇన్ఫెక్షన్లకి హోమియో మందుల మీద జరిగిన 8 పరీక్షలని, మొత్తం 1,562 మంది పిల్లలని, కోక్రేన్ సంస్థ 2018లో కలిపి సమీక్షించింది. ఉత్తుత్తి మాత్రకన్నా నిలకడగా మేలు చేసిందని తేలలేదు. ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి 2015లో ఇంకా ఖరాఖండిగా చెప్పింది: ఏ జబ్బుకీ హోమియో పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదు. 2020 జనవరిలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కరోనా రాకుండా ఆర్సెనికమ్ ఆల్బమ్ 30 వేసుకోమని సూచించాక చాలా రాష్ట్రాల్లో ఇంటింటికీ ఆ మాత్రలు పంచారు. వేసుకున్నవాళ్లకీ కరోనా వచ్చింది.

ఒక్క విషయంలో హోమియోకి మార్కులు ఇవ్వాలి. మామూలు జలుబుకి అనవసరంగా అజిత్రోమైసిన్ మింగినవాడికన్నా తీపి మాత్ర చప్పరించి వారం ఓపిక పట్టినవాడు తనకీ, ఊరికీ తక్కువ హాని చేస్తాడు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా రేపు నిజంగా కావాల్సినప్పుడు పనిచేయకుండా పోతుంది.

ముస్లిం కుటుంబాలు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. హోమియో ద్రవాలు, ముఖ్యంగా మదర్ టింక్చర్లు ఆల్కహాల్‌లోనే తయారవుతాయి. చక్కెర గుళికల మీద వేసేది కూడా ఆల్కహాల్ ద్రవమే, అది తర్వాత ఆరిపోతుంది. పాల చక్కెరతో నూరి చేసే బయోకెమిక్ బిళ్లల్లో ఆల్కహాల్ ఉండదు. ఆయాసానికి ఇచ్చే బ్లాట్టా ఓరియంటాలిస్ బొద్దింక నుంచి చేసేది. ఫ్లూకని అమ్మే ఆసిలోకాక్సినమ్ బాతు గుండె, కాలేయం నుంచి తీసేది. ఇవి వాడటం తగునా అన్నది ఆలిమ్‌లని అడగాల్సిన మాట. సీసాలో ఏముందో ముందు తెలుసుకుని అడిగితేనే జవాబు సరిగా వస్తుంది.

కృష్ణపట్నం నేర్పినది

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మూలికల మందు కోసం వేలమంది బారులు తీరారు. అప్పటికి ఆసుపత్రుల్లో పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. ఊరికే కూర్చోలేని జనం అటు పరిగెత్తారు. వాళ్లని తప్పుబట్టలేం. ఆయుర్వేద పరిశోధనా మండలి పరిశీలించాక, హాని ఏమీ కనిపించలేదు, కోవిడ్ తగ్గుతుందనడానికీ ఆధారం లేదు అని తేల్చింది. మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా మందుకి అనుమతి ఇచ్చింది. హాని లేదన్న మాట, మేలు చేస్తుందన్న మాట ఒకటి కావు. ఆ రోజుల్లో టీవీల్లో ఈ రెండూ కలిసిపోయాయి. అదీగాక మందు కోసం జ్వరంతో వచ్చినవాళ్లు, జ్వరం లేనివాళ్లు ఒకే వరుసలో భుజం భుజం రాసుకుని నిలబడ్డారు.

చట్టం కూడా ఇక్కడ మౌనంగా లేదు. క్షయ, న్యుమోనియా నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. కేబుల్ టీవీలో, ఆటో వెనక అలాంటి బోర్డు కనిపిస్తే మందు సంగతి తర్వాత, ముందు ఆ మనిషి చట్టం తప్పుతున్నాడని గ్రహించాలి. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ కళాశాల లాంటి చోట్ల చదివి రిజిస్టరైన హకీమ్‌లు ఉన్నారు, హోమియోలోనూ ఉన్నారు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు అడగడంలో బేఅదబీ ఏమీ లేదు. పేరు, లైసెన్సు నంబరు, తయారీ తేదీ లేని పొట్లంలో పొడి ఇస్తే, రెండు రోజుల్లోనే ఆయాసం మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి పట్టుబడిన ఉదంతాలు దేశంలో చాలా ఉన్నాయి.

గిన్నె దించాల్సిన వేళ

పిల్లల్లో నెమ్ము చేసిందో లేదో గుర్తుపట్టడానికి స్టెతస్కోపు అక్కర్లేదు, గడియారం చాలు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి నిండా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు ఎగసిందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40 లేదా అంతకు మించి ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది న్యుమోనియా అనుమానం. ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా లెక్క కూడా అవసరం లేదు. 108కి ఫోన్ చేయాలి. అక్కడ జోషాందా పని లేదు, తీపి మాత్ర పని లేదు. న్యుమోనియాకి యాంటీబయాటిక్ ప్రాణం నిలిపే మందు, అజిత్రోమైసిన్ మీద పైన అన్న మాట ఇక్కడ వర్తించదు.

పెద్దవాళ్లకి కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఛాతీలో పోటు ఉన్నా, మాట తడబడుతున్నా, కఫంలో రక్తం కనిపించినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఆగకూడదు. ఇంట్లో ఆక్సిమీటర్ ఉంటే 94 కన్నా తగ్గితే డాక్టర్, 90 కన్నా తగ్గితే నేరుగా ఆసుపత్రి. ఊళ్లో 1923 నుంచీ ఉన్న కేజీహెచ్, అందరూ పెద్దాసుపత్రి అనేది, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. పెదవాల్తేరులో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, జనం నోట ఇప్పటికీ టీబీ ఆసుపత్రే.

రెండు వారాలు దాటిన దగ్గుకి కఫం పరీక్ష చేయించాల్సిందే. 18 రోజుల లెక్క చూసుకుని ఇంకో నాలుగు రోజులు ఆగుదామనుకోవద్దు. పరీక్ష వల్ల పోయేదేమీ లేదు. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగనక్కర్లేదు. ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్ష, మందు రెండూ ఉచితం. అక్కడ వాడే ట్రూనాట్ పరీక్ష పరికరాలు విశాఖ మెడ్‌టెక్ జోన్‌లో కూడా తయారవుతాయి. మామూలు క్షయకి ఆరు నెలల చికిత్స. ఆ కాలమంతా పోషకాహారం కోసం నెలకి 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి, 2024 నవంబరుకి ముందు ఇది 500 ఉండేది. రెండు నెలలకే దగ్గు పోయి ఒళ్లు తేరుకుంటుంది. చాలామంది అప్పుడే ఇంగ్లీషు మందు వేడి చేస్తోందని మానేసి ఆకుమందుకి మళ్లుతారు. జబ్బు మందుకి లొంగని రకంగా తిరిగొచ్చేది ఎక్కువగా ఆ మలుపు దగ్గరే. రమజాన్‌లో క్షయ మాత్రలు మానకూడదు. సహరీకి ముందా, ఇఫ్తార్ తర్వాతా అన్నది డాక్టర్‌తో మాట్లాడి వేళ మార్చుకోవచ్చు. రోగికి ఉన్న మినహాయింపు గురించి ఇమామ్ సాబ్‌ని అడగవచ్చు.

దగ్గు సిరప్‌ల మీద జనానికి భయం ఉండటం సహజం. 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో కలుషితమైన సిరప్‌ల వల్ల పసిపిల్లలు చనిపోయారు. ఆ భయంతో మూలికల సిరప్ వైపు వెళ్లేవాళ్లు ఒకటి గమనించాలి. నాలుగేళ్ల లోపు పిల్లల జలుబు దగ్గుకి సిరప్ అవసరమే చాలా అరుదు, అది ఏ వైద్యానిదైనా సరే. ఆ వయసులో ఎక్కువ పనిచేసేవి తల్లిపాలు, గోరువెచ్చని నీళ్లు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఏడాది నిండాక అర చెంచా తేనె. నెమ్ము రాకుండా ఆపేది న్యుమోకాకల్ టీకా. ప్రభుత్వ కేంద్రాల్లో ఆరు వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి ఉచితంగా వేస్తారు.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఇంట్లో ఏం వాడారో దాచకుండా చెప్పాలి. తిడతారేమోనని చాలామంది చెప్పరు. అతిమధురం తాగుతున్నారని తెలిస్తే డాక్టర్ పొటాషియం చూస్తాడు, తిప్పతీగ అంటే కాలేయం పరీక్ష రాస్తాడు, ఊరూపేరూ లేని పొడి వాడారని తెలిస్తే స్టెరాయిడ్ హఠాత్తుగా ఆగిపోకుండా చూసుకుంటాడు. వీలైతే ఆ సీసా, ఆ పొట్లం చేతిసంచిలో వేసుకుని వెళ్లాలి.